టర్బో ఆయుష్షు: ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్డు, పాత ఎస్టేట్ కారు

కుటుంబమంతా సామానుతో సహా ఎక్కగలిగేలా పైకప్పును వెనుక చివరిదాకా సాగదీసి, పైకెత్తే వెనుక తలుపు అమర్చిన కారును ఎస్టేట్ కారు అంటారు. అమెరికాలో రైలు దిగిన ప్రయాణికులను, వాళ్ల పెట్టెబేడాను స్టేషన్ నుంచి ఇళ్లకు, హోటళ్లకు చేర్చడానికి వాడిన బండ్లే దీనికి పూర్వరూపం. ఇంత గృహస్థు బండికి పందెపు కారు శక్తినివ్వాలన్న ఆలోచన 1980ల్లోనూ 1990ల్లోనూ స్వీడన్, జర్మనీ కంపెనీలకు కలిగింది. పోర్షే తోడ్పాటుతో ఆడీ 1994లో విడుదల చేసిన ఆర్ఎస్2 అవాంట్, కేవలం 2.2 లీటర్ల అయిదు సిలిండర్ల ఇంజన్ నుంచి 315 హార్స్‌పవర్ రాబట్టింది. వోల్వో అదే ఏడాది తన 850 ఎస్టేట్‌ను బ్రిటన్ టూరింగ్ కార్ల పోటీల్లోనే దించి, ఆ వెంటనే 850 టీ-5ఆర్ అనే టర్బో రూపాన్ని మార్కెట్లోకి తెచ్చింది. మూడు దశాబ్దాలు దాటిన ఈ బండ్లను కొని, నట్టుకు నట్టు విప్పి, తిరిగి నిలబెట్టేవాళ్లు ఐరోపాలో ఎందరో ఉన్నారు గాని, భారతదేశంలో ఎస్టేట్ అనగానే గుర్తుకొచ్చేది టాటా 1992లో తెచ్చిన డీజిల్ బండే, అదీ వేగం కోసం పుట్టింది కాదు. అలాగని పాత టర్బో ఇంజన్‌ను పునరుద్ధరించే విద్య ఈ దేశానికి కొత్తది కాదు. అది కార్ల గ్యారేజీల్లో కన్నా ముందుగానూ, ఎక్కువగానూ రైల్వే డీజిల్ షెడ్లలో పెరిగింది. అటువంటి చోట్లలో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఒకటి, అక్కడి ఫిట్టర్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు.

ఖరగ్‌పూర్ ఊరు రైల్వే వల్ల పుట్టింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్ వేసి, 1900 తరవాత వర్క్‌షాపు నిలబెట్టింది. 1902లో తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం, అంటే కటక్ నుంచి వాల్తేరు వైపున్న దారి, అదే కంపెనీ చేతికి రావడంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకూ ఈ వర్క్‌షాపుకూ ఒకే పట్టా మీద రాకపోకలు కుదిరాయి. మథురాకాటీ, నిమ్‌పురా వంటి రైల్వే కాలనీల్లో స్థిరపడిన కుటుంబాలు తరాల తరబడి తెలుగు మాట్లాడుతూనే బాయిలర్ల పని, ఆ తరవాత డీజిల్ పని నేర్చాయి. ఆ డీజిల్ పనికి కేంద్రం ఆల్కో ఇంజను. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ రూపకల్పన చేసిన డబ్ల్యూడీఎం-2 లోకోమోటివ్‌లు 1962లో దేశంలోకి దిగాయి, 1964 జనవరి నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ వాటిని తయారు చేయసాగింది. ఆ తరవాత నాలుగు దశాబ్దాల పాటు భారతీయ రైల్వేలో డీజిల్ అంటే ఎక్కువగా ఇదే.

టర్బోచార్జర్ సూత్రం చెప్పడానికి సులువే. ఇంజన్‌లో కాలే ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది. ఆ వేడి పొగ దారిలో రెక్కల చక్రాన్ని, అంటే టర్బైన్‌ను పెట్టి, అదే ఇరుసు రెండో కొసన గాలిని నొక్కే మరో చక్రాన్ని, అంటే కంప్రెసర్‌ను బిగిస్తే, వృథాగా పోయే శక్తే సిలిండర్లలోకి మరింత గాలిని తోస్తుంది. పొయ్యి ముందు ఊదుగొట్టం చేసే పనినే, పొయ్యి తన పొగతో తానే చేసుకున్నట్టు. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ ఇంధనం శుభ్రంగా కాలుతుంది, అదే పరిమాణపు ఇంజను ఎక్కువ పని చేస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు గాని, ఆ వేడిని, ఆ వేగాన్ని తట్టుకునే లోహాలు కుదిరి, 1920ల నడుమ జర్మన్ ఓడల్లోకి టర్బో డీజిల్ ఎక్కేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. కార్లలోకి అది 1962లో అమెరికాలో తొంగిచూసి, 1970ల చివర స్వీడన్‌కు చెందిన సాబ్ చేతుల్లో నిత్యవాడకానికి తగిన రూపానికి వచ్చింది.

చిక్కు వేడి దగ్గర మొదలవుతుంది. గాలిని నొక్కితే అది కాగుతుంది. ఖరగ్‌పూర్ వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ గాలిని వాతావరణ పీడనానికి రెండున్నర రెట్లు నొక్కితే, కంప్రెసర్ దక్షత 75 శాతం అనుకున్నప్పుడు, ఆ గాలి సుమారు 165 డిగ్రీల వేడితో బయటికి వస్తుందని ఉష్ణగతిక శాస్త్రపు మామూలు లెక్క చెబుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కనుక, పీడనం రెండున్నర రెట్లు పెరిగినా సాంద్రత, అంటే ఒక ఘనపుటడుగులో ఇమిడే గాలి బరువు, 1.8 రెట్లు మాత్రమే పెరుగుతుంది. అదే గాలిని సిలిండర్‌లోకి పంపేముందు 70 డిగ్రీలకు చల్లారిస్తే సాంద్రత దాదాపు 2.3 రెట్లకు చేరుతుంది. ఈ చల్లార్చే జాలీని లోకో షెడ్డులో ఆఫ్టర్‌కూలర్ అనీ, కార్ల గ్యారేజీలో ఇంటర్‌కూలర్ అనీ పిలుస్తారు. ఆల్కోలో అది ఇంజన్ నీటితో, 1990ల నాటి కార్లలో ఎక్కువగా ఎదురుగాలితో చల్లబడుతుంది. జాలీ రెక్కల మధ్య దుమ్ము, నూనె పేరుకుంటే టర్బోలో ఏ లోపం లేకపోయినా బండి నీరసిస్తుంది.

ఆల్కో, ఆర్ఎస్2 ఇంజన్లను పక్కపక్కన పెడితే కొలతల్లో పోలికే కనబడదు. డబ్ల్యూడీఎం-2లోని పదహారు సిలిండర్లలో ఒక్కొక్కటి 9 అంగుళాల వ్యాసం, 10.5 అంగుళాల స్ట్రోకు గలది. మొత్తం పరిమాణం 175 లీటర్లు, గరిష్ఠ వేగం నిమిషానికి 1000 చుట్లు, శక్తి 2600 హార్స్‌పవర్. అంటే లీటరుకు 15 హార్స్‌పవర్ లోపు. ఆర్ఎస్2 కారు లీటరుకు 140 పైనే ఇస్తుంది. లోకో ఇంజను తొమ్మిదో వంతు పనితనం గలదన్న భ్రమ ఇక్కడ కలుగుతుంది గాని, కారు ఆ శక్తిని నిమిషానికి 6500 చుట్ల దగ్గర ఇస్తుందన్న సంగతి లెక్కలోకి తీసుకుని, ప్రతి శక్తి స్ట్రోకులో పిస్టన్ మీద పడే సగటు పీడనాన్ని కట్టి చూస్తే, ఆల్కోలో అది సుమారు 13 బార్లు, ఆడీలో సుమారు 19 బార్లు. తేడా ఒకటిన్నర రెట్లే, మిగిలినదంతా వేగం. పైగా కారు తన పూర్తి శక్తిని ఒకసారికి కొన్ని క్షణాలకు మించి వాడుకోదు, ఇనుప ఖనిజపు గూడ్సును గట్టెక్కించే లోకో ఎనిమిదో నాచ్‌లో, అంటే థ్రాటిల్ చివరి మెట్టులో, గంటల తరబడి నిలబడాలి. అందువల్ల టర్బో ఎందుకు చెడుతుంది, ఎప్పుడు చెడుతుంది అన్న ప్రశ్నకు డీజిల్ షెడ్డు ఇచ్చే జవాబు, ఆదివారాలు మాత్రమే బయటికి తీసే కారు యజమాని అనుభవం కన్నా నమ్మదగినది.

ఆ జవాబు ఏమిటంటే, టర్బో తనకు తానుగా చెడేది బహు తక్కువ. దానికి రోజూ మూడు వస్తువులు బయటినుంచి అందాలి: శుభ్రమైన నూనె, శుభ్రమైన గాలి, హద్దులో ఉన్న వేడి. మూడింటిలో ఏది తప్పినా ముందుగా కూలేది టర్బోయే కనుక నేరం దాని మీద పడుతుంది. చెడిన టర్బోను తీసి కొత్తది బిగించి, మూలాన్ని వదిలేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. పాత కారు పునరుద్ధరణలో ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క పొరపాటు వల్లనే.

రైల్వే డీజిల్ షెడ్లలో టర్బో ఆరోగ్యాన్ని విప్పకుండానే కొలిచే ఒక పరీక్ష ఉంది. దానిని రన్‌డౌన్ పరీక్ష అంటారు. ఇంజన్‌ను మామూలు పని వేడికి తెచ్చి, నాలుగో నాచ్‌లో నడుపుతూ, ఓవర్‌స్పీడ్ ట్రిప్ అనే రక్షణ మీటతో ఒక్కసారిగా ఆపేస్తారు. క్రాంక్ షాఫ్టు తిరగడం ఆగిన క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కి, లోకో పైకెక్కిన ఫిట్టరు చిమ్నీలోంచి లోపలికి చూస్తూ, పొగ తోడ్పాటు లేకుండా తనంత తానే తిరుగుతున్న టర్బైన్ చక్రం ఎంతసేపటికి నిలుస్తుందో లెక్కపెడతాడు. 90 నుంచి 180 సెకన్ల మధ్య నిలిస్తే మంచిది. 90 లోపే ఆగితే బేరింగు పట్టేస్తోందనో, రెక్కలు కవచానికి రాసుకుంటున్నాయనో, మసి గట్టిపడిందనో అనుమానించాలి. అదే సమయంలో చెవికి అందే గీకుడు శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో కూడా వింటారు. అయితే ఎంత ఎక్కువసేపు తిరిగితే అంత మేలని అనుకోవడానికి లేదు. 180 దాటినా లోపమే, ఎందుకంటే అరిగి వదులైన బేరింగులో ఇరుసు అడ్డు లేకుండా తిరుగుతుంది, ఆ వదులులోనే రేపటి ఊగిసలాట ఉంటుంది. ఖర్చేమీ లేని ఈ పరీక్షలో అసలు తెలివంతా కింది హద్దుతో పాటు పై హద్దును కూడా పెట్టడంలో ఉంది.

కారు టర్బోకు ఈ పరీక్ష నప్పదు, దాని చక్రం అరచేతిలో ఇమిడేంత చిన్నది, ఇంజను ఆపాక ఎంతోసేపు తిరగదు. దాని బదులు చల్లారిన ఇంజను మీద గాలి గొట్టం విప్పి, కంప్రెసర్ చక్రపు ముక్కును వేళ్లతో పట్టుకుని కదిపి చూస్తారు. ఇక్కడ మెకానిక్కులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. చాలా కారు టర్బోల్లో ఇరుసు నేరుగా లోహపు బేరింగు మీద కూర్చోదు, లోపలా బయటా పలుచని నూనె పొర మధ్య తేలే గుండ్రటి తొడుగులో తిరుగుతుంది. ఇంజను ఆగాక ఆ నూనె జారిపోతుంది కనుక అడ్డంగా కాస్త ఆట కనబడడం సహజం. ఆ ఆటను చూసి మంచి టర్బోను పారేసేవాళ్లు ఉన్నారు. నిలువునా, అంటే ఇరుసు పొడవు వెంట, ముందుకూ వెనక్కూ కదలిక వేలికి తెలిసేలా ఉంటే మాత్రం త్రస్టు బేరింగు అరిగిందని అర్థం, అప్పుడు విప్పక తప్పదు.

నూనె సంగతిలో షెడ్డు కారు యజమానికి మరింత దూరం దారి చూపగలదు. ప్రతి డీజిల్ షెడ్డుకూ ఒక ప్రయోగశాల ఉంటుంది. నడుస్తున్న లోకోల ఇంజన్ ఆయిల్ నమూనాలను క్రమం తప్పకుండా అక్కడికి తెచ్చి, విద్యుత్ మెరుపుతో మండించి, వెలువడే కాంతిని రంగురంగులుగా విడదీసి చూస్తారు. మండే ప్రతి లోహం తనకే చెందిన రంగు గీతలను వెలువరిస్తుంది గనుక, లీటరు నూనెలో మిల్లీగ్రాముల మేరకు కలిసిన లోహాన్ని కూడా ఈ స్పెక్ట్రోగ్రాఫ్ పట్టేస్తుంది. రాగి, సీసం, తగరం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయి. క్రోమియం పెరిగితే క్రోము పూత పూసిన సిలిండర్ లైనర్ల మీద అనుమానం. సోడియం కనిపిస్తే కూలింగు నీరు ఎక్కడో నూనెలోకి ఊరుతోంది. సిలికాన్ పెరిగిందంటే గాలి వడపోత దాటి మట్టి లోపలికి పోతోంది. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నేలంతా ఎర్ర మొరం, గాలివానకు ముందు లేచే దుమ్ము వడపోతకు నిజమైన పరీక్ష పెడుతుంది. ఆ దుమ్ములోని గట్టి రేణువులు అల్యూమినియం కంప్రెసర్ రెక్కల అంచులను ఉలితో చెక్కినట్టు తినేస్తాయి. ఒక్క నమూనా చెప్పేది కొంచెమే, వరస నమూనాల్లో అంకె ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం. అయిదు ఆరు లీటర్ల నూనె పట్టే కారుకు కూడా ఇదే పరీక్ష చేయించవచ్చు, విదేశీ పునరుద్ధరణకారులు చేయిస్తున్నారు కూడా. పాత బండి కొనేముందు రంగునూ సీటు తోలునూ పరిశీలించే శ్రద్ధలో సగం నూనె మీద పెడితే చాలు.

వేడి నూనెను మరో రకంగా చంపుతుంది. పెట్రోలు కారు పొగ 900 డిగ్రీలు దాటగలదు, డీజిల్ పొగ అంతకన్నా బాగా తక్కువ. వేగంగా నడిపిన కారును టక్కున ఆపితే నూనె పంపు ఆగిపోతుంది, ఎర్రగా కాలిన టర్బైన్ వేడి మాత్రం ఇరుసు గుండా బేరింగు దాకా పాకి, అక్కడ నిలిచిపోయిన నూనెను కరకరలాడే బొగ్గు పెచ్చుగా మారుస్తుంది. ఆ పెచ్చు నూనె వచ్చే సన్నటి దారిని మూసేస్తే తరువాతి ప్రయాణంలో టర్బోకు దాహమే మిగులుతుంది. అందుకే తరవాతి కార్లలో బేరింగుల చుట్టూ నీటి గది అమర్చారు; ఆల్కో టర్బోకు మొదటినుంచీ నీటి కవచం ఉంది, అయినా లోకోను కాసేపు ఐడిల్‌లో ఉంచి, అంటే బరువు లేకుండా నెమ్మదిగా తిప్పి, ఆ తరవాతే ఆపాలన్నది నియమం. రన్‌డౌన్ పరీక్ష ఒక్కటే ఆ నియమానికి మినహాయింపు.

సైలెన్సర్ నుంచి నీలి పొగ రాగానే టర్బో సీలు పోయిందనడం గ్యారేజీల్లో పరిపాటి. నిజానికి చాలా టర్బోల్లో నూనెను ఆపేది రబ్బరు సీలు కాదు. కారులో పిస్టన్ రింగు వంటి సన్నటి లోహపు కట్టు, ఆల్కోలో లాబిరింత్ అనే మలుపుల సందుల్లోకి ఎక్కించిన గాలి దిండు, నూనె వైపుకన్నా గాలి వైపు పీడనం ఎక్కువగా ఉన్నంతవరకే అడ్డుగా నిలుస్తాయి. నూనె కిందికి దిగే గొట్టం పూడుకున్నా, అరిగిన పిస్టన్ రింగుల గుండా జారిన వాయువులతో క్రాంక్‌కేసులో పీడనం పెరిగినా, నిక్షేపంగా ఉన్న టర్బో కూడా నూనె కక్కుతుంది. నల్ల పొగ కథ వేరు. నాచ్ పెంచగానే ఇంధనం వెంటనే అందుతుంది, టర్బో మాత్రం వేగం పుంజుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది, ఆ మధ్యకాలంలో గాలి చాలక మసి వెలువడుతుంది. ఆల్కోలు ఈ పొగకు ఎంత పేరుపడ్డాయంటే అమెరికాలో రైలు అభిమానులు వాటిని గౌరవ ఆవిరి ఇంజన్లని ముద్దుగా పిలిచేవారు. కారులో అదే జాప్యాన్ని డ్రైవరు కాలు కిందే గమనిస్తాడు.

ఇవన్నీ చూసి, చివరికి విప్పవలసే వస్తే, పని కొలతల పని. శుభ్రపరచిన టర్బైన్ రెక్కలకు చొచ్చుకుపోయే రంగు ద్రవాన్ని పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి చల్లితే, కంటికి ఆనని పగుళ్లలో దాగిన రంగు పొడిలోకి ఊరి గీతగా బయటపడుతుంది. తరవాత చక్రాలూ ఇరుసూ కలిసిన రోటార్‌ను బ్యాలెన్సింగు యంత్రం మీద తిప్పి, బరువు ఏ వైపు మొగ్గుతోందో చూసి, అటు లోహాన్ని చిటికెడు చిటికెడుగా గీకుతారు. ఆల్కో 720 టర్బో గరిష్ఠ వేగం నిమిషానికి 18,000 చుట్లు. కారు టర్బో లక్షన్నర దాటుతుంది. ఆ వేగంలో 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర ఒక్క గ్రాము అసమతూకం మిగిలితే, ఇరుసు మీద ప్రతి చుట్టుకూ దిశ మార్చుకుంటూ పడే బలం 600 కిలోల బరువును మించుతుంది. అందువల్ల కారు రోటార్‌లో సహించదగిన తేడా మిల్లీగ్రాముల్లోనే. దాన్ని ఇంటి షెడ్డులో సుత్తీ స్పానరుతో సరిచేయబోవడం కన్నా చక్రాలకూ ఇరుసుకూ గుర్తులు పెట్టుకుని, బ్యాలెన్సింగు యంత్రమున్న చోటికి పంపడం వివేకం.

రైల్వేలో ఈ పనులకు యజమాని సరదాతో నిమిత్తం లేదు. పక్షం రోజుల తనిఖీ మొదలుకొని సుమారు ఎనిమిదేళ్లకు జరిగే పీఓహెచ్, అంటే నిర్ణీత కాలానికి బండిని పూర్తిగా విప్పి సరిచేసే పీరియాడిక్ ఓవర్‌హాల్ వరకూ, ఏ భాగాన్ని ఎప్పుడు కొలవాలో, ఏ అంకె దగ్గర పారేయాలో ముందే రాసి ఉంటుంది. కారు యజమానికి ఆ పట్టికా లేదు, చట్టం ఆసరా కూడా అంతంతమాత్రమే: 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్‌కు యాభై ఏళ్లు నిండిన బండికే వింటేజ్ హోదా దక్కుతుంది కనుక, 1994 నాటి ఎస్టేట్ 2044 దాకా మామూలు పాత కారే, పదిహేనేళ్లు దాటిన ఏ ప్రైవేటు బండికైనా ఉన్నట్టే దానికీ ఫిట్‌నెస్ పరీక్షలు తప్పవు.

పునరుద్ధరణలో అందరూ వాదించుకునే విషయం ఒకటి మిగిలింది: పాత భాగాన్ని ఉన్నదున్నట్టు నిలపాలా, మెరుగైన కొత్త భాగం పెట్టాలా? రైల్వే ఈ ప్రశ్నను నిస్సంకోచంగా తేల్చేసింది. పద్దెనిమిదేళ్లు నిండిన డబ్ల్యూడీఎం-2లను పటియాలా కర్మాగారానికి పంపి, అదే 175 లీటర్ల ఇంజన్ నుంచి 3100 హార్స్‌పవర్ వచ్చేలా తిరగకట్టారు. టర్బో మార్చారు, నేపియర్, ఏబీబీ తయారీలు వచ్చాయి. అంతటితో ఆగకుండా ఇంధన పంపు ప్లంజరును 15 నుంచి 17 మిల్లీమీటర్లకు పెంచారు, కామ్ షాఫ్టును దృఢపరిచారు, పిస్టన్లకు ఉక్కు తలలు తొడిగారు, ఆఫ్టర్‌కూలర్‌ను పెద్దది చేశారు. కారులో పెద్ద టర్బో బిగించి లేదా వేస్ట్‌గేట్‌ను, అంటే అదనపు పొగను టర్బైన్ పక్కనుంచి దాటించే కవాటాన్ని, బిగువు చేసి పీడనం పెంచుకునేవాళ్లు సాధారణంగా ఈ జాబితాలో మొదటి అంశం దగ్గరే ఆగిపోతారు. చిన్న ఇంటర్‌కూలర్ దాటి వచ్చిన వేడి గాలికి పెట్రోలు తోడైతే, మంట అన్ని మూలలకూ వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలి పిస్టన్ తలను కొడుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. 1990ల నాటి కార్లలో నాక్ సెన్సార్ ఆ దెబ్బను విని స్పార్కును ఆలస్యం చేస్తుంది, దాంతో ఖర్చుపెట్టి కొన్న అదనపు హార్స్‌పవర్‌లో మంచి భాగం వేసవి మధ్యాహ్నం ఖరగ్‌పూర్ రోడ్డు మీద వెనక్కి పోతుంది, మిగిలిన వేడి పొగ గొట్టంలోకి చేరి టర్బైన్‌ను మరింత కాలుస్తుంది.